పూతకాడ గింజల నుంచి వెల్లుల్లి: పెరటి సాగుపై తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూజెర్సీ, మిషిగన్, టొరంటో లాంటి గట్టి చలి పడే చోట్ల ఇంటి వెనక వెల్లుల్లి వేసే తెలుగువాళ్లు చాలామంది, జూన్‌లో మెలిక తిరిగే పూతకాడను తుంచి వేపుడు చేసుకుంటారు. మంచి పనే. కానీ వాటిలో ఓ నాలుగు కాడల్ని మొక్క మీదే ఉంచేస్తే, వచ్చే ఏళ్లకు సరిపడా విత్తనం చేతికొస్తుంది. ఈ ప్రశ్నలన్నీ ఆ నాలుగు కాడల గురించే. ఆంధ్ర, తెలంగాణల్లో ఈ పద్ధతి ఎందుకు కుదరదో, అక్కడ ఏం చేయవచ్చో చివర్లో చెప్పాం.

ముందుగా మాటల సంగతి. ఇక్కడ గడ్డ అంటే నేలలోంచి తీసిన మొత్తం వెల్లుల్లి, రెబ్బ అంటే అందులో ఒక పాయ. ఎల్లిగడ్డ అన్నా, తెల్లగడ్డ అన్నా ఇదే.

వెల్లుల్లి కాడ చివర గుత్తిలో వచ్చేవి విత్తనాలేనా?

కావు. చూపుకు గింజల్లా ఉంటాయి గానీ అవి బుల్లి రెబ్బలు. వీటిని బల్బిల్స్ అంటారు. ఉల్లి పూసినప్పుడు గుత్తిలో నల్లటి గింజలు కడతాయి కదా, వెల్లుల్లిలో అలా జరగదు. గుత్తిలో చిన్న చిన్న పూలు వస్తాయి, కానీ బల్బిల్స్ ఉబ్బే కొద్దీ వాటి మధ్య నలిగి, గింజ కట్టకుండానే ఎండిపోతాయి. వేల ఏళ్లుగా మనుషులు రెబ్బలే నాటుతూ రావడంతో ఈ పంటకు గింజ కట్టే గుణం దాదాపు పోయింది.

బల్బిల్ తల్లి మొక్కకు అచ్చమైన నకలు. పక్క మడిలో వేరే రకం ఉన్నా కలిసిపోదు. ఏ రకం గుత్తి నుంచి తీస్తే ఆ రకమే వస్తుంది.

రెబ్బ నాటితే తొమ్మిది నెలల్లో గడ్డ వస్తుంది కదా, బల్బిల్స్‌తో రెండు మూడేళ్లు ఎందుకు ఆగాలి?

అన్నిటికంటే పెద్ద కారణం నేల జబ్బులు. వెల్లుల్లికి రెండు పెద్ద శత్రువులు మట్టిలోనే ఉంటాయి. ఒకటి కాండం, గడ్డల్లో దూరే నులిపురుగు. 2010 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోనూ కెనడాలోని ఒంటారియోలోనూ వెల్లుల్లి రైతుల్ని బాగా దెబ్బతీసింది ఇదే. రెండోది తెల్లకుళ్లు బూజు. దాని నల్లటి చిన్న గింజలు, గసగసాలంత ఉంటాయి, మట్టిలో 20 ఏళ్లకు పైగా బతికి ఉండగలవు. రెబ్బతో నాటితే ఈ రెండూ రెబ్బను అంటిపెట్టుకునే కొత్త మడిలోకి వచ్చేస్తాయి. బల్బిల్ నేలకు మూడడుగుల పైన, గాలిలో పెరుగుతుంది. మట్టి తగలదు. అందుకే విత్తనాన్ని శుభ్రపరచుకోవడానికి పెరటివాళ్లకు ఇంతకన్నా తేలిక దారి లేదు.

తర్వాతిది లెక్క. మ్యూజిక్ లాంటి పోర్సెలిన్ రకం గడ్డలో నాలుగు నుంచి ఆరు రెబ్బలే ఉంటాయి. పది మొక్కలు కావాలంటే రెండు మంచి గడ్డలు తినకుండా పక్కన పెట్టాలి. అదే మొక్క గుత్తిలో వంద బల్బిల్స్ దాకా ఉంటాయి. గడ్డలన్నీ వంటింటికే పోతాయి, విత్తనం గుత్తి నుంచి వస్తుంది. విత్తన వెల్లుల్లి కొనాలంటే ఆ దేశాల్లో ధర ఎంతో కొన్నవాళ్లకు తెలుసు.

ఒక హద్దు కూడా చెప్పాలి. వైరస్‌లు బల్బిల్స్‌లోకి వస్తాయి. తల్లి మొక్క ఆకుల మీద పసుపు చారలుంటే పిల్లల్లోనూ ఉంటాయి. బల్బిల్స్‌తో నాటితే వైరస్ పోతుందన్న మాట నమ్మకండి.

ఏ రకాల్లో బల్బిల్స్ వస్తాయి?

పూతకాడ వేసే హార్డ్‌నెక్ రకాల్లో. అందులోనూ జాతికో తీరు. ఇది తెలిస్తేనే ఎన్నేళ్లు పడుతుందో అంచనా దొరుకుతుంది.

రోకంబోల్ జాతి, అంటే స్పానిష్ రోజా, జర్మన్ రెడ్ లాంటివి, మొదలుపెట్టేవాళ్లకు అన్నిటికన్నా అనువైనవి. కాడ రెండు చుట్లు తిరుగుతుంది. గుత్తిలో ఐదు నుంచి ముప్ఫై వరకు బల్బిల్స్, ఒక్కోటి కందిగింజ నుంచి బఠాణీ అంత. గింజ పెద్దది కాబట్టి మొలక బలంగా వస్తుంది.

ఏషియాటిక్ రకాల్లో గుత్తి ముసుగు, అంటే గుత్తిని కప్పి ఉంచే పొర, కొంగ ముక్కులా పొడుగ్గా సాగి ఉంటుంది. లోపల ఊదారంగులో కొద్ది బల్బిల్స్ మాత్రమే, కానీ బాగా లావుగా. వీటి నుంచి ఒక్కోసారి మొదటి ఏడే రెండు మూడు రెబ్బల గడ్డ కూడా వస్తుంది.

పోర్సెలిన్ రకాలైన మ్యూజిక్, జార్జియన్ క్రిస్టల్, రొమేనియన్ రెడ్ గడ్డలు రెబ్బ లావుకి పేరు పొందినవి. వాటి బల్బిల్స్ మాత్రం బియ్యపు గింజంతే, ఒక గుత్తిలో వందకు అటూ ఇటూ. ఇన్ని ఉన్నాయని సంతోషపడతాం గానీ ఎక్కువ ఓపిక కావలసింది వీటికే. పర్పుల్ స్ట్రైప్ రకాలు, చెస్నాక్ రెడ్, పర్షియన్ స్టార్ వంటివి, ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. గోధుమ గింజ సైజు, డజన్లకొద్దీ.

సూపర్‌మార్కెట్‌లో దొరికే మెత్తకాడ రకాలు, అంటే సాఫ్ట్‌నెక్, మామూలుగా పూతకాడ వేయవు. వాతావరణం ఒడిదుడుకులైన ఏడు కాండం మధ్యలో, గడ్డకు కాస్త పైన ఉబ్బి అక్కడే నాలుగైదు బల్బిల్స్ కట్టవచ్చు. జబ్బేమో అని పారేయకండి, అవీ నాటుకోవచ్చు.

ఎన్నేళ్లకు మామూలు గడ్డ వస్తుంది?

2026 అక్టోబరులో నాటారనుకుందాం. 2027 జూలైకి రెబ్బలుగా చీలని ఒంటిగడ్డలు తవ్వుతారు. వాటిని ఆ అక్టోబరులోనే మళ్లీ నాటితే 2028 జూలైలో రోకంబోల్, ఏషియాటిక్ రకాలు చిన్నవో మధ్యరకానివో రెబ్బలున్న గడ్డలిస్తాయి. ఆ రెబ్బలు నాటితే 2029లో పూర్తి సైజు. పోర్సెలిన్‌కు దీనికి ఇంకో ఏడాది కలుపుకోండి, ఎందుకంటే రెండో ఏడు కూడా చాలావరకు ఒంటిగడ్డలే, కాకపోతే కాస్త పెద్దవి.

ఏటా అక్టోబరులో కొన్ని బల్బిల్స్ నాటుతూ పోతే మూడో ఏడు దాటాక ఎదురుచూపు ఉండదు. ఏదో ఒక వయసు పంట ప్రతి జూలైలో చేతికొస్తూనే ఉంటుంది.

కాడ ఉంచేస్తే కింద గడ్డ చిన్నదైపోదా?

అవుతుంది. మొక్క తన బలాన్ని పైకీ కిందకీ పంచాలి కదా. సారం తక్కువ నేలలో ఈ తేడా ఎక్కువగా తెలుస్తుంది, బాగా ఎరువు వేసిన మడిలో తక్కువ. అందుకే అన్ని కాడలూ ఉంచొద్దు. ఇరవై మొక్కలుంటే రెండు మూడు చాలు.

ఏ రెండు మూడు అన్నది ముఖ్యం. పొట్టి మొక్క మీద గుత్తి బాగుందని దాన్ని ఉంచడం తప్పు. మే నెలలోనే చూసి, లావు కాండం, ముదురు ఆకుపచ్చ ఆకులు, చారలు లేని మొక్కలకు రంగు దారం కట్టి గుర్తు పెట్టండి. జూన్‌లో కాడలు తుంచే హడావిడిలో ఇంట్లోవాళ్లు అవీ తుంచేయడం మామూలే, దారం ఉంటే ఆగుతారు.

గుత్తిని ఎప్పుడు కోయాలి?

కాడ మొదట చుట్టు తిరుగుతుంది, తర్వాత మెల్లగా విప్పుకుని నిటారుగా నిలబడుతుంది. అప్పటికి గుత్తి ముసుగు ఉబ్బి, పలుచబడి, చీలడం మొదలవుతుంది. చీలికలోంచి బల్బిల్స్ తెల్లగానో ఊదాగానో కనబడితే సరైన అదను.

ఇక్కడొక చిక్కుంది. గుత్తి పూర్తిగా ముదిరేదాకా ఆగితే కింద గడ్డ పొర విచ్చుకుని రెబ్బలు బయటపడతాయి, రోకంబోల్‌లో మరీ. అలాంటి గడ్డ నిలవ ఉండదు. కాబట్టి గడ్డ తవ్వే అదనుకే, అంటే కింది ఆకులు సగం దాకా ఎండాక, మొక్క మొత్తం కాడతో సహా తీసి నీడలో వేలాడదీయండి. కాడలో ఉన్న సారంతో బల్బిల్స్ ఆరే లోపు ఇంకొంచెం ఊరతాయి. చుట్టు విప్పుకోని కాడను మాత్రం కోయకండి. లేత బల్బిల్స్ ఆరాక ముడుచుకుపోయి పొట్టులా మిగులుతాయి.

కోసిన గుత్తిని మట్టిలో పెట్టకండి. గడ్డల మట్టి దులిపే చోటికి దూరంగా ఉంచండి. మట్టి తగలని విత్తనం కోసమే ఈ పని పెట్టుకున్నాం.

ఎలా ఆరబెట్టాలి, ఎలా దాచాలి?

గుత్తి మీద కాగితపు సంచి వదులుగా తొడిగి, ఎండ తగలని, గాలి ఆడే చోట మూడు నాలుగు వారాలు వేలాడదీయండి. సంచి లేకపోతే రాలినవన్నీ గ్యారేజీ నేల మీదే. ఆరాక వేళ్లతో నలిపితే బల్బిల్స్ వాటంతటవే విడిపోతాయి. ఎండిన పూలు, పొట్టు చేటలో చెరిగినట్టు ఊదేయండి.

తర్వాత సైజువారీగా వేరు చేయండి. ఈ పని చాలామంది మానేస్తారు, కానీ మొదటి ఏడు ఫలితం సగం దీని మీదే ఉంటుంది. పెద్దవి ఒక సంచి, చిన్నవి ఒకటి. మరీ నూకల్లా ఉన్నవి వంటకు. సంచి మీద రకం పేరు, ఏడు రాయండి. ఆరిన బల్బిల్స్‌లో పోర్సెలిన్‌కూ పర్పుల్ స్ట్రైప్‌కూ తేడా కనిపెట్టడం కష్టం.

అక్టోబరు దాకా మామూలు గది వేడిలో, పొడిగా ఉంచితే చాలు. ప్లాస్టిక్ సంచి, మూత బిగించిన సీసా వద్దు, బూజు పడుతుంది. ఈ దశలో ఫ్రిజ్ అక్కర్లేదు.

ఎప్పుడు నాటాలి? వసంతంలో నాటితే రాదా?

నేల గడ్డకట్టడానికి మూడు నాలుగు వారాల ముందు. మిషిగన్, టొరంటో వైపు సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు మధ్య వరకు, న్యూజెర్సీలో అక్టోబరంతా. వేరు పట్టాలి, పైకి మొలక ఎక్కువ రాకూడదు, ఇదే లెక్క.

వెల్లుల్లికి ముందు చలి కావాలి, తర్వాత పొడుగు పగలు కావాలి. పది డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ చలి ఆరు నుంచి ఎనిమిది వారాలు తగిలాకే రెబ్బలుగా చీలే శక్తి వస్తుంది. ఏప్రిల్‌లో నేరుగా నాటిన బల్బిల్ మొలుస్తుంది గానీ పెరిగే వ్యవధి చాలదు. అక్టోబరు దాటిపోతే, బల్బిల్స్‌ను కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర ఆరు వారాలు పెట్టి, నేల కరగగానే నాటండి. ఒంటిగడ్డలు చిన్నగా వస్తాయి, కానీ విత్తనం వృథా పోదు.

నాటడం ఎలా?

2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు మడి తీసుకోండి. ఎత్తుగా పోసిన మడి అయితే మేలు, నీళ్లు నిలిస్తే వెల్లుల్లి కుళ్లుతుంది. గత మూడు నాలుగేళ్లలో ఉల్లి, వెల్లుల్లి, లీక్ (లావు ఉల్లికాడలా ఉండే ఉల్లి జాతి కూర) వేయని చోటు చూడండి. మాగిన కంపోస్టు ఒక అంగుళం పరిచి, పై నాలుగైదు అంగుళాల మట్టిలో కలపండి. రాళ్లు, పుల్లలు ఏరేయండి. బియ్యపు గింజంత మొలకకు చిన్న రాయి కూడా అడ్డమే.

పొడవునా, ఆరంగుళాల ఎడంతో నాలుగు సాళ్లు గీయండి. బియ్యపు గింజ సైజువైతే అరంగుళం నుంచి ముప్పావు అంగుళం లోతు, ఒక్కోదానికి మధ్య ఒక అంగుళం. ఇలా ఈ మడిలో 190 దాకా పడతాయి. బఠాణీ సైజువైతే ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళం లోతు, మూడంగుళాల ఎడం. పెద్దవాటికి మొన పైకి పెట్టండి. చిన్నవాటికి అక్కర్లేదు, సాలులో రాల్చినా దారి వెతుక్కుంటాయి.

మట్టి కప్పాక అరచేత్తో అదమండి. తర్వాత సాలు మీద తెల్ల ఇసుక పలచగా చల్లండి. ఇది అలంకారానికి కాదు. వసంతంలో బల్బిల్ మొలక అచ్చం గడ్డి పోచలా ఉంటుంది. సాలు ఎక్కడుందో తెలియకపోతే కలుపు తీస్తూ పంటనే పీకేస్తారు. విత్తనం వెదజల్లి నాటొద్దని చెప్పేదీ ఇందుకే. చెక్క పలక మీద పెన్సిల్‌తో పేరు రాసి గుచ్చండి. మార్కర్ రాత మంచుకు, ఎండకు మాసిపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది.

పైన గడ్డి ఎంత కప్పాలి?

రెబ్బలకు వేసినట్టు ఆరంగుళాలు వేస్తే బల్బిల్ మొలక పైకి రాలేదు. నేల పైపైన గడ్డకట్టాక ఎండు వరిగడ్డో గోధుమ గడ్డో రెండంగుళాలు పరచండి. మంచు కరిగాక, మార్చిలో, సాళ్ల మీది గడ్డిని పక్కకు జరిపి సాళ్ల మధ్యకు నెట్టండి. అసలు కప్పకపోతే ఇంకో ప్రమాదం. నేల గడ్డకట్టి కరిగి మళ్లీ గడ్డకట్టే వారాల్లో పైపైన నాటిన బల్బిల్స్‌ను మట్టే పైకి తోసేస్తుంది. మార్చిలో నేల మీద తేలినవి కనిపిస్తే వేలితో మళ్లీ లోపలికి నొక్కండి, వేరు ఎండకపోతే బతుకుతాయి.

మడి లేదు, కుండీలో పెంచవచ్చా?

మొదటి ఏడు మట్టుకు కుండీయే మేలని మా అభిప్రాయం, మడి ఉన్నవాళ్లకు కూడా. బల్బిల్స్‌లో ఎక్కువ నష్టం జబ్బుల వల్ల కాదు, కలుపులో కనబడకపోవడం వల్ల, తవ్వేటప్పుడు మట్టిలో మిగిలిపోవడం వల్ల. కొన్న కుండీ మిశ్రమంలో కలుపు విత్తనాలు దాదాపు ఉండవు, జూలైలో మొత్తం బోర్లించి జల్లెడ పట్టవచ్చు.

కనీసం ఎనిమిది అంగుళాల లోతు, అడుగున చిల్లులు ఉండాలి. అడుగున్నర పొడవు టబ్బులో చిన్న బల్బిల్స్ యాభై పడతాయి. కుండీలో మట్టి నేలకన్నా త్వరగా, గట్టిగా గడ్డకడుతుంది కాబట్టి చలికాలంలో ఇంటి గోడకు ఆనించి, చుట్టూ ఎండుటాకుల సంచులు పెట్టండి. హీటర్ లేని గ్యారేజీ కూడా పనికొస్తుంది, అక్కడైతే నెలకోసారి కాస్త నీళ్లు పోయాలి. వెచ్చటి గదిలో పెట్టకండి, చలి తగలకపోతే మొదటికే మోసం.

వసంతంలో ఏం చేయాలి?

అన్నిటికన్నా ముందు కలుపు. ఏప్రిల్, మే నెలల్లో పది రోజులకోసారి, చేత్తో. బల్బిల్ మొక్క ఆకు పలచన, వేరు పైపైన. కలుపుతో పోటీ పడలేదు.

ఏప్రిల్‌లో ఆకు మూడు నాలుగంగుళాలు లేచాక నత్రజని ఒకసారి ఇవ్వండి. పైన చెప్పిన మడికి బ్లడ్ మీల్, అంటే ఎండబెట్టిన జంతువుల రక్తపు పొడి, 35 గ్రాములు సరిపోతుంది. జంతువుల ఎరువు ఇష్టపడని ఇళ్లలో సోయా పిండి 60 గ్రాములు వేయవచ్చు. మే మధ్య తర్వాత నత్రజని ఆపేయండి. గడ్డ ఊరాల్సిన సమయంలో ఆకు పెంచుకుంటూ కూర్చుంటుంది. వానతో కలిపి వారానికి అంగుళం నీళ్లు అందాలి. తవ్వడానికి రెండు వారాల ముందు నీళ్లు మానేయండి.

మొదటి ఏడు ఎప్పుడు తవ్వాలి?

పెద్ద వెల్లుల్లి కన్నా రెండు మూడు వారాల ముందే. చాలామంది పొరబడేది ఇక్కడే. ప్రధాన పంటతోపాటు తవ్వుదామని ఆగితే, ఆలోపు చిన్న మొక్కల ఆకులు పూర్తిగా ఎండి మాయమవుతాయి, ఒంటిగడ్డలు ఎక్కడున్నాయో తెలియదు. ఆకులు సగం ఎండగానే, జూన్ ఆఖర్లోనో జూలై మొదట్లోనో, చేతిపారతో సాలు కిందనుంచి మట్టి ఎత్తి జల్లెడలో పోయండి. బఠాణీ నుంచి గోళీకాయంత వరకు వస్తాయి. రోకంబోల్‌లో బాగా పెరిగినవి చిన్న ఉసిరికాయంత కూడా ఉంటాయి.

ఆకులు కోయకుండా రెండు వారాలు నీడలో ఆరబెట్టండి. బాగా చిన్నవి త్వరగా ఎండిపోతాయి కాబట్టి వాటిని సెప్టెంబరు దాటనీయకుండా నాటేయడం మంచిది.

ఒంటిగడ్డలు వచ్చాయి. తర్వాత?

మళ్లీ అక్టోబరులో, వేరే మడిలో, రెండంగుళాల లోతున. గోళీకాయంతవి నాలుగంగుళాల ఎడం, పెద్దవి ఆరంగుళాలు. ఒంటిగడ్డను రెబ్బలా చీల్చడానికి ప్రయత్నించకండి, లోపల రెబ్బలుండవు. రెండో ఏడు కొన్నింటికి పూతకాడ వస్తుంది, అది మాత్రం తుంచేయండి. ఇప్పుడు బలమంతా గడ్డకే పోవాలి.

రెండో ఏడు కూడా చీలకుండా ఒంటిగానే వస్తే నిరాశ పడనక్కర్లేదు. నాటిన గడ్డ మరీ చిన్నదై ఉండాలి, లేదా ఆలస్యంగా నాటి ఉండాలి. మూడోసారి నాటండి. పెద్ద ఒంటిగడ్డ అసలు మామూలు రెబ్బకన్నా బలమైన విత్తనం.

ఏటా తవ్వకుండా రెండేళ్లు నేలలోనే వదిలేస్తే?

వస్తుంది గానీ మేం సిఫారసు చేయం. అంగుళం ఎడంతో నాటినవి రెండో ఏడు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, కలుపు అల్లుకుపోతుంది, వేసవి వానలకు కొన్ని కుళ్లుతాయి. తవ్వే తీరిక లేనివాళ్లు మూడంగుళాల ఎడంతో నాటితే వదిలేయవచ్చు.

సగం కూడా మొలవలేదు, ఎందుకు?

మార్చిలో నేల మీద పొట్టు, తేలిన బల్బిల్స్ కనబడితే మంచు తోసినట్టు. గుంటలు కనబడితే ఉడుతలు లేదా పక్షులు. నాటిన రోజే మడి మీద వల పరిచి ఉంటే ఆగేవి. తవ్వి చూస్తే మొలక వంకర తిరిగి పసుపు రంగులో ఉంటే లోతు ఎక్కువైంది, లేదా గడ్డి పొర మందమైంది. మెత్తగా నీళ్లు కారుతుంటే మడిలో నీరు నిలిచింది. గట్టిగా, ఆరోగ్యంగా ఉండి మొలవకపోతే తొందరపడకండి, చిన్న బల్బిల్స్‌లో కొన్ని ఆలస్యంగా లేస్తాయి.

ఏ తెగుళ్ల మీద కన్నేయాలి?

ఒంటారియో, న్యూయార్క్, వెర్మాంట్ వైపు లీక్ మాత్ అనే చిన్న రెక్కల పురుగు పెద్ద బెడద. ఉత్తర అమెరికాలో 1993లో ఒట్టావా దగ్గర మొదట కనబడింది. దాని పిల్లపురుగు పూతకాడలోకి, గుత్తి ముసుగులోకి దూరి బల్బిల్స్‌నే తింటుంది. అంటే ఈ సాగుకు నేరుగా తగిలే దెబ్బ. విత్తనానికి ఉంచిన మొక్కల మీద మే మొదలు నుంచి సన్నటి పురుగు వల కప్పండి. గుత్తిని వేళ్లతో తడిమి, చిన్న చిల్లు, రంపపు పొట్టు లాంటిది ఉంటే ఆ గుత్తిని చీల్చి పురుగును తీసేయండి.

ఆకుల మీద నారింజ పొడి మచ్చలు తుప్పు తెగులు. ఇంగ్లండ్‌లో ఎక్కువ. గడ్డ సైజు తగ్గిస్తుంది గానీ విత్తనాన్ని పాడుచేయదు. గడ్డ అడుగున తెల్లటి దూదిలాంటి బూజు, అందులో నల్ల చుక్కలు కనబడితే అది తెల్లకుళ్లు. ఆ మడిలో ఇక ఉల్లి జాతి వేయొద్దు. ఆ మొక్కల్ని కంపోస్టులో కలపకండి. నులిపురుగు పట్టి ఉబ్బి వంకరపోయిన మొక్కల నుంచి గుత్తులు తీసుకోకండి. పురుగు సాధారణంగా గుత్తి దాకా ఎక్కదు, అయినా ఎంచుకోవడానికి మంచి మొక్కలు ఉన్నప్పుడు ఆ ముప్పు ఎందుకు.

గడ్డ పక్కన మట్టిలో గట్టి పెంకుతో చిన్న గింజలు దొరికాయి, అవీ బల్బిల్సేనా?

అవి ఎలిఫెంట్ గార్లిక్‌వి అయి ఉంటాయి. పేరులో వెల్లుల్లి ఉన్నా అది లీక్ జాతికి దగ్గరిది. గడ్డ పొర కింద, అడుగున గోధుమరంగు గట్టి పెంకుతో వస్తాయి. పెంకు కాస్త గీరి, రాత్రంతా నానబెట్టి నాటితే మొలక త్వరగా వస్తుంది. వీటికీ మొదటి ఏడు ఒంటిగడ్డే.

వెల్లుల్లికి అసలు విత్తనమే రాదా?

వస్తుంది, కష్టం మీద. వెల్లుల్లి పుట్టిల్లు మధ్య ఆసియాలోని తియాన్ షాన్ కొండల ప్రాంతం. అక్కడి రకాల్లో గింజ కట్టేవాటిని 1980లలో గుర్తించారు. పర్పుల్ స్ట్రైప్ రకాలు రెండు మూడు పక్కపక్కన పెంచి, ముసుగు చీలగానే పట్టకారుతో బల్బిల్స్ అన్నీ ఒక్కొక్కటే తీసేస్తే, పూలకు చోటు దొరికి తేనెటీగలు వాలి, ఉల్లి గింజకన్నా చిన్న నల్ల గింజలు కొద్దిగా కడతాయి. వాటి నుంచి వచ్చే ప్రతి మొక్కా కొత్త రకమే. ఇది ప్రయోగం మీద ఇష్టం ఉన్నవాళ్ల పని, ఇంటి అవసరానికి బల్బిల్స్ చాలు.

మిగిలిన బల్బిల్స్ తినవచ్చా?

తినవచ్చు. చిన్నవాటి పొట్టు తీయడం అయ్యే పని కాదు, పొట్టుతోనే రోట్లో దంచి వెల్లుల్లి కారంలో, రసం పోపులో వేయండి. ఘాటు రెబ్బకన్నా ఎక్కువ, కొంచెం చాలు. ఇంకో మంచి వాడకం ఉంది. వెడల్పు గిన్నెలాంటి కుండీలో దగ్గర దగ్గరగా చల్లి కిటికీ దగ్గర పెడితే నాలుగైదు వారాల్లో లేత ఆకు వస్తుంది. ఆరంగుళాలయ్యాక కోసి, ఉల్లికాడల్లా పప్పులోనో గుడ్డు పొరటులోనో వేసుకోవచ్చు.

హైదరాబాద్‌లో, విజయవాడలో ఇలా పెంచవచ్చా?

బల్బిల్స్‌తో కుదరదు. హార్డ్‌నెక్ రకాలకు వారాల తరబడి చలి, ఆ తర్వాత పొడుగు పగళ్లు కావాలి. టొరంటోలో జూన్‌లో పగలు 15 గంటలు దాటుతుంది. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి పొడుగు పగలే 13 గంటల పైచిలుకు, అప్పటికి ఎండ వెల్లుల్లి తట్టుకునేలా ఉండదు. అక్కడ పండేవి పొట్టి పగటి రకాలు, అవి పూతకాడ వేయవు. ఫ్రిజ్‌లో పెట్టి చలి చూపించినా పగటి పొడుగు తేలేం.

రెబ్బలతో మాత్రం చక్కగా పండించుకోవచ్చు. పుణె దగ్గర రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ ఇచ్చిన భీమా ఓంకార్, భీమా పర్పుల్ మైదాన ప్రాంతాలకు వచ్చిన రకాలు. యమునా సఫేద్ కూడా మైదానాల్లో పండే రకమే. అక్టోబరు, నవంబరుల్లో లావు రెబ్బలు అంగుళం లోతున, నాలుగంగుళాల ఎడంతో నాటితే ఫిబ్రవరి, మార్చిలకు గడ్డ. బాల్కనీ కుండీలో నాటినప్పుడు ఒంటిగడ్డే వస్తే ఆలస్యంగా నాటడమో చిన్న రెబ్బ నాటడమో కారణం. పారేయకండి, వచ్చే అక్టోబరుకు దాచి నాటుకోండి.

ఇండియాకు వచ్చేటప్పుడు కొన్ని బల్బిల్స్ పట్టుకొస్తే?

వద్దు. నాటే మొక్క భాగాలు ఏవైనా దేశంలోకి తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఇండియా నుంచి అమెరికాకు నాటే వెల్లుల్లి తీసుకెళ్లడానికీ అలాంటి నియమాలే. అమెరికా లోపల కూడా ఐడహో వంటి రాష్ట్రాలు తెల్లకుళ్లు రాకుండా బయటి విత్తన వెల్లుల్లి మీద ఆంక్షలు పెట్టాయి. స్నేహితులకు పోస్టులో పంపే ముందు వాళ్ల రాష్ట్ర వ్యవసాయ శాఖ నియమం చూడండి. అదే ఊళ్లో ఉన్నవాళ్లకైతే, రకం పేరు, కోసిన ఏడు రాసిన చిన్న కాగితపు సంచిలో పదీ ఇరవై గింజలు పోసి ఇవ్వండి.